వెన్నెముక కీళ్ళవాతం: ప్రకోప దినాలను గుర్తించడం, దాటడం

ఆరంబాక్కం తమిళనాడు ఉత్తర సరిహద్దున ఉన్న ఊరు. చెన్నై నుంచి గూడూరు వైపు సాగే రైలు మార్గంలో గుమ్మిడిపూండి, ఏళావూరు దాటిన తరువాత ఈ స్టేషను వస్తుంది. దీని తరువాతి స్టేషను తడ, ఆంధ్రప్రదేశ్‌కు చెందినది. 1960 ఏప్రిల్ 1న రాష్ట్రాల సరిహద్దులను సవరించినప్పుడు తిరుత్తణి ప్రాంతం అప్పటి మద్రాసు రాష్ట్రంలోను, సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లోను చేరాయి. సరిహద్దు గీత మారినా ఉభయ భాషల ప్రజల రాకపోకలు ఆగలేదు. నేడు గుమ్మిడిపూండి పారిశ్రామిక వాడలోను, చెన్నై నగరంలోను పనిచేస్తూ ఈ మార్గం వెంబడి నివసించే తెలుగువారు అనేకులు. బరువులు ఎత్తేవారు, గంటల తరబడి యంత్రం ముందు నిలబడేవారు, రాత్రి షిఫ్టులు చేసేవారు, లారీలు నడిపేవారు వీరిలో ఎక్కువ. అందువల్ల నడుమునొప్పి వీరికి కొత్త మాట కాదు.

అయితే ప్రతి నడుమునొప్పీ పనివల్ల వచ్చినది కాదు. ఇరవై, ముప్పై ఏళ్ళ వయసులో మొదలై, విశ్రాంతి తీసుకుంటే తగ్గకుండా పెరిగి, కొన్నాళ్ళు అణగి, మరల విజృంభించే నొప్పి ఒకటి ఉంది. దానిని వైద్యులు ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అంటారు. తెలుగులో వెన్నెముక కీళ్ళవాతం అనవచ్చు. ఇది సకాలంలో గుర్తించబడితే రోగి తన ఉద్యోగాన్ని, తన నిటారు నడకను నిలుపుకోగలడు. గుర్తించబడకపోతే వెన్ను క్రమంగా బిగిసి, వంగి, తిరిగి సరిచేయలేని స్థితికి చేరవచ్చు. ఈ వ్యాధి స్వరూపాన్ని, ముఖ్యంగా అది విజృంభించే రోజులలో చేయవలసిన, చేయకూడని పనులను వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

వ్యాధి స్వరూపం

శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ బయటినుంచి వచ్చే క్రిములతో పోరాడడానికి ఏర్పడినది. కొందరిలో అది తన శరీర భాగాలమీదనే దాడి చేస్తుంది. వెన్నెముక కీళ్ళవాతంలో ఈ దాడి ముందుగా వెన్ను అడుగున, తుంటి ఎముకతో త్రికాస్థి కలిసే రెండు కీళ్ళలో మొదలవుతుంది. స్నాయువులు, స్నాయుబంధాలు ఎముకకు అతుక్కునే చోట్ల వాపు ప్రక్రియ ఏర్పడుతుంది. ఆ వాపు ఏళ్ళ తరబడి కొనసాగితే శరీరం గాయాన్ని మాన్పబోయి కొత్త ఎముకను పెంచుతుంది. వెన్నుపూసల నడుమ ఈ ఎముక వారధులు కట్టినప్పుడు విడివిడిగా కదలవలసిన పూసలు ఒకటిగా అతుక్కుపోతాయి. ఎక్స్‌రేలో అటువంటి వెన్ను వెదురు గడవలె కనిపిస్తుంది.

పంతొమ్మిదవ శతాబ్దం చివరి దశకంలో రష్యాలో బెఖ్తెరెవ్, జర్మనీలో స్ట్రుంపెల్, ఫ్రాన్సులో పియెర్ మారీ అనే వైద్యులు ఈ వ్యాధిని వేరువేరుగా వర్ణించారు. 1973లో హెచ్.ఎల్.ఏ. బి27 అనే వంశపారంపర్య గుర్తుకూ ఈ వ్యాధికీ గల గాఢ సంబంధం వెల్లడైంది. వ్యాధిగ్రస్తులలో అత్యధికులకు ఈ గుర్తు ఉంటుంది. కానీ ఈ గుర్తు ఉన్నవారందరికీ వ్యాధి రాదు. నూటికి కొద్దిమందికి మాత్రమే వస్తుంది. కనుక రక్తపరీక్షలో బి27 ఉందని తేలినంత మాత్రాన వ్యాధి ఉన్నట్లు కాదు, లేదని తేలినంత మాత్రాన వ్యాధి లేనట్లూ కాదు. తండ్రికి వ్యాధి ఉన్నదన్న కారణంతో బిడ్డ వివాహానికి అడ్డుచెప్పడం శాస్త్రసమ్మతం కాదు.

పూర్వం ఇది పురుషులకే వచ్చే వ్యాధిగా భావించారు. స్త్రీలకూ వస్తుందని ఇప్పుడు తెలిసింది. అయితే వారిలో ఎక్స్‌రే మార్పులు నెమ్మదిగా కనిపించడం వల్ల, నొప్పిని కాన్పుల ఫలితమనో ఇంటి చాకిరీ ఫలితమనో కొట్టివేయడం వల్ల గుర్తింపు మరింత ఆలస్యమవుతున్నది. మొదటి లక్షణం కనిపించిన నాటినుంచి వ్యాధి నిర్ధారణ అయ్యే నాటికి ప్రపంచవ్యాప్తంగా సగటున ఆరేడు ఏళ్ళు గడిచిపోతున్నాయి.

మామూలు నడుమునొప్పికీ దీనికీ భేదం

బరువు ఎత్తడం వల్లనో బెణకడం వల్లనో వచ్చిన నొప్పి ఒక నిర్దిష్టమైన రోజున మొదలవుతుంది, పడుకుంటే తగ్గుతుంది, పనిచేస్తే పెరుగుతుంది, సాధారణంగా కొన్ని వారాలలో నయమవుతుంది. వెన్నెముక కీళ్ళవాతం దీనికి భిన్నం. ఈ కింది లక్షణాలను గమనించాలి.

1. నొప్పి ఎప్పుడు మొదలైనదో చెప్పలేనంత నెమ్మదిగా ఆరంభమై, మూడు నెలలకు మించి కొనసాగడం.
2. నలభై అయిదేళ్ళ లోపు వయసులో మొదలుకావడం.
3. ఉదయం లేవగానే నడుము కొయ్యబారినట్లుండి, ఆ బిగుతు సడలడానికి అరగంటకు మించి పట్టడం.
4. తెల్లవారుజామున నొప్పితో మెలకువ రావడం, లేచి కాసేపు నడిస్తే తెరిపి కలగడం.
5. పిరుదుల లోతున ఒకసారి కుడివైపు, మరొకసారి ఎడమవైపు నొప్పి రావడం.
6. మడమ వెనుక నొప్పి, ఒక మోకాలు లేదా చీలమండ వాపు, కన్ను ఎర్రబడడం, సోరియాసిస్ అనే చర్మవ్యాధి, దీర్ఘకాలపు పేగువ్యాధి వీటిలో ఏదైనా తోడుగా ఉండడం.

వీటిలో మూడు, నాలుగు లక్షణాలు కలిసి ఉంటే రుమటాలజిస్టులు అని పిలిచే కీళ్ళవాత నిపుణులను సంప్రదించాలి. తొలి సంవత్సరాలలో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు. అటువంటప్పుడు త్రికాస్థి కీళ్ళకు తీసే ఎం.ఆర్.ఐ. చిత్రం వాపును ముందే చూపగలదు. ఈ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. అనే రక్తపరీక్షలు కొందరిలో వ్యాధి చురుకుగా ఉన్నప్పుడు కూడా సాధారణ స్థాయిలోనే ఉంటాయి. కాబట్టి పరీక్షా పత్రంలో అన్నీ బాగున్నాయన్న కారణంగా నొప్పిని కల్పనగా భావించరాదు.

పోలికగల ఇతర వ్యాధులు

తెలుగు ప్రాంతాలనుంచి వచ్చినవారి విషయంలో ఒక ప్రత్యేక జాగ్రత్త అవసరం. తాగునీటిలో ఫ్లోరైడు అధికంగా ఉండడం వల్ల కలిగే ఫ్లోరోసిస్‌ను భారతదేశంలో మొదటగా 1937లో అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో వైద్యులు వర్ణించారు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల గ్రామాలను ఆ సమస్య దీర్ఘకాలం పీడించింది. ఫ్లోరోసిస్ ముదిరినప్పుడు కూడా వెన్ను బిగిసి వంగిపోతుంది. అయితే అందులో పళ్ళమీద గోధుమ రంగు చారలు, అదే ఊరిలో అనేకులకు అదే బాధ, ఎక్స్‌రేలో ఎముక సాంద్రత పెరగడం వంటి గుర్తులు ఉంటాయి. కనుక బాల్యం ఏ ఊరిలో గడిచింది, ఏ బావి నీరు తాగారు అన్న సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి.

వెన్నెముకకు సోకే క్షయ మరొకటి. సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం, ఆకలి మందగించడం, వెన్నులో ఒకేచోట పూసను తాకితే నొప్పి దాని లక్షణాలు. చికున్‌గున్యా జ్వరం తరువాత నెలల తరబడి మిగిలే కీళ్ళనొప్పులు ఇంకొకటి; వీటిలో చేతుల, కాళ్ళ కీళ్ళే ఎక్కువగా బాధిస్తాయి. ఈ మూడింటి చికిత్సలు వేరు కనుక నిర్ధారణ లేకుండా ఏళ్ళ తరబడి నొప్పి మాత్రలు మింగడం ప్రమాదకరం.

ప్రకోపం అంటే ఏమిటి

వెన్నెముక కీళ్ళవాతం ఎల్లవేళలా ఒకే తీరున ఉండదు. కొన్ని వారాలు, నెలలు అణగి ఉంటుంది. ఆపైన నొప్పి, బిగుతు, అలసట అకస్మాత్తుగా హెచ్చుతాయి. ఈ హెచ్చుదలనే ప్రకోపం అంటాము. ఇది కొన్ని రోజులనుంచి కొన్ని వారాల వరకు ఉండవచ్చు.

ప్రకోపం రెండు విధాలు. మొదటిది స్థానికం: మెడ, పిరుదు, పక్కటెముకలు, మడమ వంటి ఒక్క భాగంలోనే నొప్పి హెచ్చుతుంది, రోగి అతి కష్టంమీద పని సాగించగలుగుతాడు. రెండవది సర్వాంగీణం: ఒళ్ళంతా నొప్పులు, తీవ్రమైన అలసట, జ్వరం వచ్చినట్లుండడం, నిద్రలేమి, మనసు కుంగడం కలిసి వస్తాయి. ఈ స్థితిలో మంచంమీద పక్కకు తిరగడం కూడా కష్టమవుతుంది. ఇంటివారు దీనిని సోమరితనంగా భావించే అవకాశం ఉంది. అలసట ఈ వ్యాధి లక్షణాలలో ఒకటి. అది మనోబలం లేకపోవడం కాదు.

తీవ్రతను కొలిచే విధానం

ఇంగ్లండులోని బాత్ నగర వైద్యులు 1994లో ప్రకటించిన బాస్‌డాయ్ అనే ప్రశ్నావళిని ప్రపంచమంతటా వాడుతున్నారు. గడచిన వారాన్ని మనసులో ఉంచుకొని ఆరు ప్రశ్నలకు 0 నుంచి 10 వరకు అంకెలు వేయాలి. 0 అంటే బాధ లేదు; 10 అంటే భరించరాని బాధ.

1. అలసట ఎంత?
2. మెడ, వెన్ను, తుంటి నొప్పి ఎంత?
3. ఇతర కీళ్ళలో నొప్పి లేదా వాపు ఎంత?
4. తాకినా, నొక్కినా నొప్పి కలిగే చోట్ల బాధ ఎంత?
5. నిద్రలేచిన తరువాత బిగుతు ఎంత తీవ్రం?
6. ఆ బిగుతు ఎంతసేపు ఉంటుంది? లేకపోతే 0, ఒక గంట అయితే 5, రెండు గంటలు లేదా అంతకు మించితే 10.

అయిదు, ఆరు ప్రశ్నల అంకెలను కలిపి రెండుతో భాగించాలి. వచ్చిన ఫలితాన్ని మొదటి నాలుగు అంకెలకు కలిపి మొత్తాన్ని అయిదుతో భాగించాలి. ఉదాహరణకు ఒక కార్మికుడు వరుసగా 6, 7, 2, 3, 6, 5 అని వేశాడనుకుందాం. చివరి రెండింటి సగటు 5.5. మొత్తం 23.5. అయిదుతో భాగిస్తే 4.7. ఈ సంఖ్య 4 లేదా అంతకు మించితే వ్యాధి చురుకుగా ఉన్నట్లు లెక్క. నెలకొకసారి ఈ సంఖ్యను తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచితే అయిదు నిమిషాల వైద్య పరిశీలనలో నోటిమాటతో చెప్పలేని సంగతిని ఆ పుస్తకం చెబుతుంది. భాష రానిచోట ఇది మరింత ఉపయోగకరం. అంకెలకు అనువాదం అక్కరలేదు.

ప్రకోపానికి దారితీసే కారణాలు

కొన్ని ప్రకోపాలకు ఏ కారణమూ కనిపించదు. అయినా రోగుల అనుభవంలో తరచు వినవచ్చేవి ఇవి: శక్తికి మించిన శ్రమ, వరుసగా రాత్రి షిఫ్టులు, నిద్ర చాలకపోవడం, మానసిక ఒత్తిడి, జ్వరం లేదా విరేచనాల వంటి అంటువ్యాధి, చాలాసేపు కదలకుండా కూర్చోవడం, కాస్త తగ్గిందని మందులను వ్యాయామాన్ని మానివేయడం. ఈశాన్య ఋతుపవనాల కాలంలో బిగుతు పెరుగుతుందని అనేకులు చెబుతారు. వాన స్వయంగా వ్యాధిని రేపుతుందనడానికి గట్టి ఆధారం లేదు. కానీ వానాకాలంలో నడక తగ్గడం, ఇంట్లోనే కూర్చోవడం బిగుతును పెంచుతాయి.

పొగతాగడం ఒక్కటి మాత్రం స్పష్టంగా హాని చేస్తుంది. బీడీ, సిగరెట్టు తాగేవారిలో వెన్ను ఎముకల అతుకు అధికమని, పనిచేసే సామర్థ్యం తక్కువని పరిశీలనలు చూపాయి. అదీగాక ఈ వ్యాధిలో పక్కటెముకల కీళ్ళు బిగిసి ఛాతీ విచ్చుకోవడం తగ్గుతుంది. పొగ ఆ ఊపిరితిత్తులకు రెండవ దెబ్బ.

ప్రకోప దినాలలో చేయవలసినవి

కదలిక: మొదటి ఒకటి రెండు రోజులు భారమైన పనిని తగ్గించాలి, కదలికను మాత్రం ఆపకూడదు. పూర్తిగా మంచం పట్టడం ఈ వ్యాధికి హితం కాదు. మంచం దిగకముందే వెల్లకిలా పడుకొని ఒక్కొక్క మోకాలిని ఛాతీవైపు నెమ్మదిగా తెచ్చి వదలాలి. మోకాళ్ళు మడిచి రెంటినీ కలిపి కుడికి, ఎడమకు వాల్చాలి. తరువాత మోకాళ్ళు, అరచేతులు ఆనించి వెన్నును పైకి వంచి, కిందికి దించాలి. ఒక్కొక్కటి అయిదుసార్లు చాలు. గంటకొకసారి లేచి నాలుగు అడుగులు వేయాలి. ప్రకోపం తగ్గుతున్నకొద్దీ వ్యాయామాన్ని పెంచాలి.

వేడి: గోరువెచ్చని నీటి స్నానం, వేడినీటి సంచితో పదిహేను, ఇరవై నిమిషాల కాపడం కండరాల బిగుతును సడలిస్తాయి. చర్మం కాలకుండా నడుమ గుడ్డ వేయాలి. వాచిన మోకాలికి, మడమకు చల్లని కాపడం కొందరికి హాయినిస్తుంది.

పడక: కుంగిపోయే నులక మంచం, మెత్తని పరుపు తగవు. గట్టి పరుపుమీద సన్నని దిండుతో పడుకోవాలి. రోజుకు ఒకసారి పది, పదిహేను నిమిషాలు బోర్లా పడుకోగలిగితే తుంటి ముందుకు వంగి బిగుసుకుపోకుండా కాపాడుతుంది. మోకాళ్ళ కింద దిండు పెట్టుకొని నిద్రించడం తాత్కాలికంగా సుఖమే. అలవాటైతే తుంటి, మోకాళ్ళు వంగి నిలిచిపోతాయి.

శ్వాస: ఛాతీ రెండువైపులా అరచేతులు ఉంచి, పక్కటెముకలు విచ్చుకునేటట్లు పదిసార్లు దీర్ఘంగా ఊపిరి తీసి వదలాలి.

పని విభజన: బాగున్న రోజున ఆరు రోజుల పని చేసి, మరునాడు పడిపోవడం సరి కాదు. ఇంటి పనిని, బయటి పనిని చిన్న భాగాలుగా విడదీసి, నడుమ విరామం తీసుకోవాలి.

కొలత: ప్రకోపం తగ్గిన తరువాత గోడకు మడమలు, పిరుదులు, భుజాలు ఆనించి నిలబడి, గడ్డం ఎత్తకుండా తల వెనుకభాగాన్ని గోడకు తాకించే ప్రయత్నం చేయాలి. తలకూ గోడకూ నడుమ మిగిలిన దూరాన్ని నెలకొకసారి కొలిచి రాసుకోవాలి. ఆ దూరం పెరుగుతుంటే వైద్యునికి తెలియజేయాలి.

ఔషధాలు

నాప్రోక్సెన్, ఇండోమెథాసిన్, ఎటోరికాక్సిబ్ వంటి వాపును తగ్గించే నొప్పి మందులు ఈ వ్యాధికి మొదటి చికిత్స. వీటిని వైద్యుడు చెప్పిన పూర్తి మోతాదులో, ఆహారం తరువాత, రెండు నుంచి నాలుగు వారాలు వాడితేనే ఫలితాన్ని నిర్ణయించవచ్చు. ఒకటి పనిచేయకపోతే మరొకటి పనిచేయవచ్చు. కానీ ఒకే తరగతికి చెందిన రెండు మందులను ఒకేసారి వాడరాదు. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు ఆ సంగతిని ముందే చెప్పాలి. మద్యంతో కలిపి ఈ మందులను తీసుకుంటే జీర్ణాశయంలో రక్తస్రావం జరిగే ముప్పు పెరుగుతుంది.

సల్ఫాసలజిన్ అనే మందు మోకాలు, చీలమండ వంటి కీళ్ళ వాపుకు ఉపకరిస్తుంది, వెన్నునొప్పిని తగ్గించదు. మొదటి మందులతో వ్యాధి లొంగనప్పుడు అడాలిముమాబ్, ఎటనర్సెప్ట్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, సెకుకినుమాబ్ వంటి జీవ ఔషధాలను నిపుణులు సూచిస్తారు. ఇవి ఖరీదైనవి. అడాలిముమాబ్‌కు సమానమైన బయోసిమిలర్ 2014 డిసెంబరులో భారతదేశంలోనే తయారై విక్రయానికి వచ్చిన తరువాత ధర తగ్గింది. ఈ ఔషధాలు రోగనిరోధక శక్తిని కొంత అణచివేస్తాయి కనుక, ప్రారంభానికి ముందు క్షయ, కాలేయపు బి రకం వైరస్ పరీక్షలు తప్పనిసరి. వీటిని వాడుతుండగా జ్వరం వస్తే తరువాతి ఇంజెక్షనుకు ముందే వైద్యుని అడగాలి.

మందుల షాపు వద్ద జాగ్రత్త

ప్రకోప సమయంలో షిఫ్టు తప్పిపోతుందన్న భయంతో చీటీ లేకుండా మందుల షాపులో నాలుగైదు మాత్రలు కలిపి కట్టించుకోవడం మన ప్రజలలో విరివిగా ఉంది. ఆ పొట్లంలో ఏమున్నదో కొన్నవానికి తెలియదు. అందులో స్టెరాయిడు ఉంటే ఒక్క పూటలో నొప్పి మాయమైనట్లుంటుంది. వెన్నెముక కీళ్ళవాతానికి స్టెరాయిడు మాత్రలను దీర్ఘకాలం వాడడం వైద్యశాస్త్రం అంగీకరించదు. మధుమేహం, ఎముకలు గుల్లబారడం, రోగనిరోధక శక్తి క్షీణించడం వాటి ఫలితాలు. చాలాకాలంగా వాడుతున్నవారు ఒక్కసారిగా మానితే అదీ అపాయమే. వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా తగ్గించాలి.

వానాకాలంలో మరొక జాగ్రత్త. తీవ్ర జ్వరంతో ఒళ్ళునొప్పులు వస్తే దానిని ప్రకోపమని అనుకొని నొప్పి మాత్రలు వేసుకోరాదు. అది డెంగీ కావచ్చు. డెంగీలో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటివి రక్తస్రావానికి దారితీయవచ్చు. రక్తపరీక్ష జరిగేవరకు తగిన మోతాదులో పారాసెటమాల్ మాత్రమే వాడాలి.

ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు వెళ్ళడం ఈ ప్రాంతపు ఆనవాయితీ. వెన్నెముక కీళ్ళవాతం ఎముక విరగడం కాదు. కదలకుండా కట్టివేయడం దీని చికిత్సకు విరుద్ధం. అదేవిధంగా మెడను గట్టిగా తిప్పి విరవడం, నడుముపై తొక్కించుకోవడం ఈ రోగులు ఎన్నడూ చేయించుకోరాదు. బిగిసిన వెన్ను పైకి గట్టిగా కనిపించినా లోపల పెళుసుగా ఉంటుంది.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసిన సంకేతాలు

1. ఒక కన్ను ఎర్రబడి, నొప్పితో, వెలుతురు చూడలేకపోవడం. ఇది కంటిలోపలి వాపు. ఈ వ్యాధిగ్రస్తులలో సుమారు నాలుగోవంతు మందికో అంతకు మించో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మామూలు కండ్లకలకగా భావించి చుక్కల మందు కొనరాదు. ఆ రోజునే, లేదా మరునాడు కంటివైద్యుని చేరాలి. ఆలస్యమైతే చూపు దెబ్బతినవచ్చు.
2. చిన్నగా జారిపడినా, వాహనం కుదుపినా ఆపైన వెన్నులో, మెడలో కొత్త నొప్పి రావడం. ఎముక చిట్లి ఉండవచ్చు. 108కు ఫోను చేసి, మెడ కదపకుండా తరలించాలి. రోగి మెడ ఏ వంపులో అలవాటుపడి ఉన్నదో ఆ వంపులోనే దిండ్లు పెట్టి ఉంచాలి, బలవంతంగా సరిచేయరాదు.
3. కాళ్ళలో బలం తగ్గడం, మర్మస్థానం చుట్టూ తిమ్మిరి, మూత్రం లేదా మలం పట్టు తప్పడం.
4. తారువలె నల్లని మలం, రక్తపు వాంతి.
5. తగ్గని జ్వరం, ఆయాసం, ఛాతీనొప్పి.

ఇవేవీ లేకపోయినా, ప్రకోపం వారం దాటినా తగ్గుముఖం పట్టకపోతే, ప్రకోపాలు తరచు వస్తుంటే, చికిత్సను మార్చవలసిన సమయం వచ్చిందని గ్రహించాలి.

వైద్యం, సహాయం లభించే చోట్లు

చెన్నై సెంట్రల్ స్టేషను ఎదుట ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ సాధారణ ఆసుపత్రిలో, మద్రాసు వైద్య కళాశాలకు చెందిన రుమటాలజీ విభాగం ఉంది. దేశంలోని పాత కీళ్ళవాత విభాగాలలో అది ఒకటి. ఆరంబాక్కం, గుమ్మిడిపూండి వైపునుంచి రైలులో వచ్చేవారు రోడ్డు దాటితే చాలు. కంటి ప్రకోపానికి ఎగ్మూరులోని ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. అది 1819లో స్థాపితమైనది. తిరువళ్ళూరులో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైంది. స్వస్థలానికి తిరిగివెళ్ళే తెలంగాణవారికి హైదరాబాదులోని నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. ఎక్కడికి వెళ్ళినా పాత చీటీలు, చిత్రాలు, పరీక్షా పత్రాలు ఒకే సంచిలో వెంట ఉండాలి. ఊరు మారినప్పుడల్లా వైద్యం మొదటినుంచి మొదలుకావడమే వలసజీవులకు కలిగే పెద్ద నష్టం.

తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టులో ప్రారంభించిన "మక్కళై తేడి మరుత్తువం" పథకంలో ఇంటివద్దనే ఫిజియోథెరపీ సేవ కూడా ఉంది. ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం కింద వార్షికాదాయం 1,20,000 రూపాయలకు మించని కుటుంబాలకు ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు రక్షణ ఉంది. అర్హత వివరాలను కలెక్టరు కార్యాలయంలోని నమోదు కేంద్రంలో తెలుసుకోవాలి.

కర్మాగారాలలో పనిచేసేవారికి ఇ.ఎస్.ఐ. ముఖ్యమైన ఆధారం. 2017 జనవరి నుంచి నెలకు 21,000 రూపాయల వరకు వేతనం గలవారు దీని పరిధిలోకి వచ్చారు. ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా చెల్లించినవారికి, వైద్యుని ధ్రువపత్రం ఉంటే, అనారోగ్యపు రోజులకు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు లభిస్తుంది. జీతపు చీటీలో ఇ.ఎస్.ఐ. కోత ఉన్నదో లేదో ప్రతి కార్మికుడు చూసుకోవాలి. నొప్పిని దాచి, చెప్పకుండా పని మానేస్తే ఉద్యోగమే పోవచ్చు. ధ్రువపత్రంతో తెలియజేస్తే అది సెలవు అవుతుంది. వెన్ను, తుంటి శాశ్వతంగా బిగిసిపోయినవారు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వైద్య మండలి చేత పరీక్ష చేయించుకోవచ్చు. లోపం 40 శాతం లేదా అంతకు మించినదని తేలితే చట్టం కల్పించిన ప్రయోజనాలకు అర్హులవుతారు.

ఆసుపత్రిలో చెప్పవలసిన తమిళ వాక్యాలు

కాలైయిల్ ముదుగు విఱైప్పాగ ఇరుక్కిఱదు: ఉదయం వెన్ను బిగుతుగా ఉంటుంది.
ఇరవిల్ వలియాల్ తూక్కం వరవిల్లై: రాత్రి నొప్పివల్ల నిద్ర పట్టడం లేదు.
నడందాల్ వలి కుఱైయుం: నడిస్తే నొప్పి తగ్గుతుంది.
కణ్ సివందిరుక్కిఱదు, వెళిచ్చం పార్క్క ముడియవిల్లై: కన్ను ఎర్రబడింది, వెలుతురు చూడలేకపోతున్నాను.

వీటిలో మూడవ వాక్యం అత్యంత ముఖ్యం. నడిస్తే నొప్పి తగ్గుతుందన్న ఒక్క మాట వైద్యుని ఆలోచనను సరైన దిశకు మళ్ళించగలదు.

పాఠ సమీక్ష

1. పనివల్ల వచ్చిన నడుమునొప్పికీ, వెన్నెముక కీళ్ళవాతానికీ విశ్రాంతి విషయంలో గల భేదం ఏమిటి?
2. ప్రకోపంలో పూర్తిగా మంచం పట్టడం ఎందుకు తగదు?
3. ఒక రోగి 5, 6, 4, 3, 7, 5 అని అంకెలు వేశాడు. బాస్‌డాయ్ సంఖ్య ఎంత? వ్యాధి చురుకుగా ఉందా?
4. కన్ను ఎర్రబడినప్పుడు చుక్కల మందు కొనడం ఎందుకు ప్రమాదం?
5. మీ ఇంట్లో, మీ గదిలో ఉంటున్నవారిలో తెల్లవారుజామున నడుమునొప్పితో లేచి తిరిగేవారు ఎవరైనా ఉన్నారా? వారు ఇంతవరకు ఎవరిని సంప్రదించారు?

మూడవ ప్రశ్నకు సమాధానం: చివరి రెండింటి సగటు 6, మొత్తం 24, అయిదుతో భాగిస్తే 4.8. వ్యాధి చురుకుగా ఉంది. అయిదవ ప్రశ్నకు సమాధానం ఈ పుస్తకంలో లేదు. ప్రతి ఇంటిలోను, ప్రతి గదిలోను అడిగి తెలుసుకోవలసినది అది.